ఓబయ్య రెండు శాతం

“క్యాన్ నీళ్ళతో గిన్నెలు కడుగుతారా ఎవరన్నా?”

వంటింటి గడపలో నిలబడి అడిగింది ఎవాంజెలిన్. ఆమె ఆడపడుచు కరుణాకుమారి క్యారియర్ మూత చేతిలో పట్టుకుని సింకు ముందు అలాగే ఆగిపోయింది. మూత అంచు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

“గిన్నెలు కాదు వదినా. మూత ఒక్కటే. ఆఖరి తడవ.”

“మూతయితే ఏంది, గంగాళమయితే ఏంది? క్యాన్ ఊరికే వస్తా ఉండాదా?”

“గ్లాసుడు నీళ్ళు కూడా పొయ్యలా.”

“రోజుకొక గ్లాసు. లెక్కలు నాకంటే నీకే బాగా తెలుసు గదా, నువ్వే వేసుకో సంవత్సరానికి ఎన్ని క్యాన్లో.”

బోగోలులో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఎంత తోమినా సరే, తడి ఆరగానే స్టీలు మీద తెల్లటి మచ్చలు తేలతాయి. ఇంట్లో ఎవరికీ ఆ మచ్చలు కనపడవు. కరుణాకుమారికి మాత్రం వాటిని చూస్తే అన్నం సయించదు. ఆమె మూతను చీర కొంగుతో కాకుండా, అందుకోసమే దాచుకున్న పాత తువ్వాలు ముక్కతో తుడిచి, క్యారియర్‌కు బిగించింది. రెండు గిన్నెలు: కింద అన్నం, పైన వంకాయ కూర. పక్కన చిన్న డబ్బాలో మజ్జిగ.

ముందు గదిలో ఆమె అన్న సంజీవరావు పేపరు మడిచాడు. సహకార సంఘంలో సెక్రటరీగా పనిచేసి రిటైరైన మనిషి. అరవై ఆరేళ్ళు వచ్చినా గొంతులో ఆ కుర్చీ ఇంకా ఉంది.

“పొద్దున్నే ఏందే మీ ఇద్దరి గోల? కరుణా, ప్రసాదు ఆ కాగితం తయారు చేసి పెట్టినాడంట. ఈ రోజు సంతకం పెట్టి తెచ్చెయ్. ఓబయ్య ఊరుకునేటట్టు లేడు. ఈ వారంతో అది తేలిపోవాల.”

“చూస్తానన్నయ్యా” అంది కరుణాకుమారి.

“చూసేదేముంది, సంతకమే గదా.”

ఆమె చెప్పులేసుకుంది.

ఆమెకు యాభై ఆరేళ్ళు. సన్నటి మనిషి. జుట్టుకు నూనె రాసి, బిగించి, చిన్న ముడి వేసుకుంటుంది. గంజి పెట్టిన నేత చీర కుచ్చిళ్ళు సాయంత్రం దాకా మడత చెదరవు. కళ్ళద్దాలకు నల్లటి తాడు. కుడిచేతి మధ్య వేలి పక్కన, పెన్ను ఆనుకునే చోట, శనగగింజంత కాయ. కంప్యూటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ కాయ కరగలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా కావలిలో ఒకే ఆడిటరు ఆఫీసులో గుమాస్తా. పెద్దాయన పోయాక ఆయన కొడుకు పెంచలప్రసాద్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కుర్చీ మాత్రం మారలేదు.

బస్సు ఆగే చోటు రోడ్డు మీద, అన్న కట్టించిన భవనం ఎదురుగానే. కింద రెండు షాపులు, రొయ్యల మేత అమ్మేది ఒకటి, సెల్‌ఫోన్లు బాగుచేసేది ఒకటి. పైన నాలుగు పోర్షన్లు. ఏడు నెలలైంది గృహప్రవేశమై. పొద్దుటి పూట ఆ భవనం నీడ రోడ్డు దాటి ఇవతలి దాకా పడుతుంది. ఆ నీడలోనే నిలబడి ఆమె రోజూ బస్సు కోసం చూస్తుంది.

ఆ స్థలం వాళ్ళ నాన్న కొన్నది. మిషన్ బడిలో మేష్టరుగా చేసిన ఆయన, ఉండగానే దాన్ని కొడుకు పేరున రిజిస్టరు చేయించాడు. కూతురికి ఎటూ సంబంధం చూస్తాం కదా అన్నాడు. చూశారు కూడా. తర్వాత అమ్మకు పక్షవాతం వచ్చింది. తొమ్మిదేళ్ళు మంచంలో ఉంది. ఆ తొమ్మిదేళ్ళలో సంబంధాల మాట ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు, కరుణాకుమారి కూడా. జీతంలో సగం ప్రతి నెలా ఒకటో తేదీన అన్న చేతికి ఇవ్వడం మాత్రం ఆగలేదు.

బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. రోడ్డుకు తూర్పున రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి. మేత వాసన, బురద వాసన, వాటి వెనకనుంచి సముద్రపు గాలి. ఆమె ఒళ్ళో బ్యాగు పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది.

ఈ గొడవకు మొదలు తనే. నిరుడు భవనం పని సాగుతున్నప్పుడు, ఒక రాత్రి భోజనాల దగ్గర తనే చెప్పింది: “అన్నయ్యా, ఇల్లు కట్టించే మనిషి ఒకే కాంట్రాక్టరుకు సంవత్సరంలో యాభై లక్షలు దాటి ఇస్తే, రెండు శాతం పన్ను పట్టుకోవాల. పట్టుకున్న నెల దాటినాక ముప్పై రోజుల్లో ఫారం నింపి, ఆ కాంట్రాక్టరు పాన్ నంబరు కింద కట్టాల. అప్పుడే అది అతని లెక్కలో పడుతుంది.” సంజీవరావు శ్రద్ధగా విన్నాడు. ఫిబ్రవరిలో ఓబయ్య ఆఖరి బిల్లు తెచ్చినప్పుడు మొత్తం అరవై ఎనిమిది లక్షలు తేలింది. అందులో రెండు శాతం, లక్షా ముప్పై ఆరు వేలు, కోసి మిగతాది ఇచ్చాడు.

పట్టుకోవడం వరకు చట్ట ప్రకారమే జరిగింది. కట్టడమే జరగలేదు.

“కట్టినావా అన్నయ్యా?” అని మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఆమె అడిగింది. “కట్టేసినాలే” అన్నాడు. ఊళ్ళో వాళ్ళందరి చలాన్లూ చూసే మనిషి అన్న చలాను అడిగి చూడలేదు. ఈస్టర్ నాటి తెల్లవారుజాము ఆరాధనకు చర్చికి కొత్త జనరేటరు వచ్చింది. పచ్చరంగు డబ్బా మీద తెల్లటి అక్షరాలతో ‘దాత: సంజీవరావు’ అని రాయించారు. పాస్టరుగారు ప్రార్థన చేసి స్విచ్చి వేశారు. అందరితో పాటు తనూ చప్పట్లు కొట్టింది.

జులైలో ఓబయ్య తన రిటర్ను కోసం వచ్చి, కోసుకున్న పన్ను చూపించమన్నాడు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో అతని పేరు కింద ఏమీ లేదు. ఆ సాయంత్రం అన్నను అడిగితే, ఆయన ఏమాత్రం తడబడలేదు.

“గవర్నమెంటుకు పోయేది దేవుడికి పోయింది. నేనేమన్నా మింగినానా?”

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడని ఆమెకు ఆ ముఖం చూస్తే అర్థమైంది. పట్టుకున్నది ఆయన డబ్బు కాదనీ, ఇష్టం వచ్చిన చోట ఇవ్వడానికి లేదనీ ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఆఫీసు మందుల షాపు మీద, మొదటి అంతస్తులో. మెట్లు ఇరుకు. ఆమె తాళం తీసి, కిటికీలు తెరిచి, రెండు కంప్యూటర్ల మీద గుడ్డలు తీసింది. రిటర్నుల గడువు పది రోజులుంది. బల్ల మీద ఫైళ్ళు మోచేతి ఎత్తున పేరుకున్నాయి. ఆమెకు ఒక అలవాటు ఉంది. ఏ పాన్ నంబరైనా ముందు మామూలుగా కొట్టి, తర్వాత చివరి అక్షరం నుంచి మొదటికి, వేలు పెట్టి వెనక్కి చదువుతుంది. ముందు నుంచి చదివితే కన్ను తను చూడాలనుకున్నదే చూస్తుంది, వెనక నుంచి చదివితే ఉన్నదే చూస్తుంది అని పెద్దాయన దగ్గర నేర్చుకుంది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒకరి పన్ను ఇంకొకరి పేరు కింద పడనివ్వలేదు. ఎవరూ ఆ సంగతి ఎత్తరు. తప్పు జరగనప్పుడు ఎత్తడానికి ఏముంటుంది?

పదకొండింటికి ఎస్తేరమ్మ మెట్లెక్కి వచ్చింది. రిటైరైన నర్సు, డెబ్బై నాలుగేళ్ళు. ఆఫీసు వెనక వీధిలో మూడు గదులు అద్దెకిస్తుంది. ఏటా ఇదే సమయానికి ఒక భయం మోసుకొస్తుంది.

“బిడ్డా, రంగులేసినోడికి పద్దెనిమిది వేలు ఇచ్చినా. పన్ను పట్టుకోవాల్నా? పట్టుకోలా నేను. వాడి ఫోన్ నంబరు ఉండాది, పిలిపించమంటావా?”

“అక్కర్లేదు పెద్దమ్మా. యాభై లక్షలు దాటితేనే.”

“యాభై లచ్చలా! నా మూడు గదులూ నన్నూ కలిపి అమ్మినా రావమ్మా. మరి టీవీలో ఇంటి ఓనర్లు అందరూ అని చెప్పినాడే?”

“ఆయన మొత్తం చెప్పి ఉండడు.”

“పోనీ, ఒకసారి మళ్ళీ చూడు. నాకు నిద్ర పట్టదు.”

కరుణాకుమారి నవ్వి, మళ్ళీ చూసినట్టుగా ఫైలు తెరిచి, మూసింది. ఎస్తేరమ్మ తృప్తిపడి చేతి రుమాలుతో మెడ తుడుచుకుంది. “రంగులైతే వేయించినా గానీ మేడ మీద గది ఖాళీగా ఉండాది. బ్యాంకు పిల్ల ట్రాన్స్‌ఫరై పోయింది. మగపిల్లలకు ఇయ్యను. ఎవరన్నా మంచి మనిషి, ఒక్క మనిషి, ఉంటే చెప్పు.”

“చెప్తా పెద్దమ్మా.”

ఆమె దిగిపోతుంటే ఓబయ్య ఎదురొచ్చి, గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. తర్వాత చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, సంగం దగ్గరి పల్లె. కూలిగా మొదలై, మేస్త్రీ అయి, ఇప్పుడు సొంతంగా పనులు పట్టే స్థితికి వచ్చాడు. గోళ్ళ సందుల్లో సిమెంటు మాత్రం పోలేదు.

“కనపడిందా అక్కా?”

ఆమె కంప్యూటరు తెరను అతని వైపు తిప్పింది. “లేదు ఓబయ్యా.”

అతను కుర్చీలో కూర్చోకుండా వంగి, ఖాళీగా ఉన్న ఆ వరుసలను కాసేపు చూశాడు. చదవడం రాని చోట కూడా ఖాళీ అర్థమవుతుంది.

“నేను గొడవ చేసే మనిషిని కాదక్కా. బిల్లులో కోసినప్పుడు అడిగినా, ఇదేంది సార్ అని. ‘మా కరుణ చెప్పింది, చట్టం’ అన్నాడు మీ అన్న. కరుణక్క చెప్పిందంటే ఇంకేముందిలే అని వచ్చేసినా.”

ఆమె పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టింది.

“మొన్న మా వాళ్ళు మీ చర్చిలో ప్లాస్టరింగ్‌కు పోయినారు. కరెంటు పోతే జనరేటరు ఆడించి పని చేసినారంట. ‘మేస్త్రీ, నీ డబ్బులు భలే చల్లగా గాలి కొడతా ఉండాయి’ అని ఒకటే నవ్వు. నేను కూడా నవ్వినాలే. ఏం చేసేది?” అతను నిజంగానే మళ్ళీ నవ్వాడు. వెంటనే ముఖం మామూలైపోయింది. “అది నా లెక్కలో పడితే తిరిగొస్తాదని నువ్వే చెప్పినావు. మిక్సరు మిషన్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉండా. గడువు దాటిపోతే ఎట్టక్కా?”

“గడువు లోపల చెప్తా.”

“నువ్వు చెప్తే చాలు” అని అతను వెళ్ళిపోయాడు. ఆ మాట గదిలో మిగిలింది. చాలాసేపు ఆమె తెరను తన వైపు తిప్పుకోలేదు.

మధ్యాహ్నం పెంచలప్రసాద్ వచ్చాడు. నిక్కరు వేసుకుని ఈ బల్లల కింద ఆడుకున్న పిల్లవాడు. ఎదుటి వాళ్ళుంటే ఆమె సార్ అంటుంది, లేకపోతే ప్రసాదూ అంటుంది. అతను సొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు.

“అన్నగారు చెప్పినట్టే రాసినానక్కా. భవనం మీరిద్దరూ కలిసి కట్టించినట్టు. మీ డబ్బు అన్నగారి దగ్గర ఉండింది, మీ తరఫున ఆయన ఇచ్చినాడు. అప్పుడు చెరి ముప్పై నాలుగు. యాభై దాటలా. ఫారమే అక్కర్లేదు, ఆలస్యం జరిమానా లేదు.”

“మరి పట్టుకున్నది?”

“ఓబయ్యకు అన్నగారు నిదానంగా ఇచ్చుకుంటారంట.”

“నిదానంగా అంటే ఎప్పుడు ప్రసాదూ?”

అతను ఫోను చూసుకున్నాడు. “అది మీ ఇంటి విషయం గదక్కా. ఇంట్లో వాళ్ళే రాసుకునే కాగితం. మీకైతే నష్టమేమీ లేదు. ఒక రకంగా మంచిదే.”

అతను వెళ్ళాక ఆమె క్యారియర్ తెరిచి, కిటికీ దగ్గర కూర్చుని తింది. తిన్నాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, కవరు విప్పింది. స్టాంపు కాగితం మీద తేదీ నిరుటిది. ఎక్కడి నుంచి తెచ్చారో ఆమె ఆలోచించదలచుకోలేదు. అలవాటు చొప్పున చివరి పంక్తి నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. కింద సాక్షులకు ఖాళీ. దాని పైన తన సంతకానికి చోటు. దాని పైన ఒక వాక్యం దగ్గర వేలు ఆగింది.

‘సదరు భవనంలో సగభాగమునకు కరుణాకుమారి పూర్తి హక్కుదారు.’

తన పేరు ఆమె రోజుకు ఇరవై సార్లు రాస్తుంది. రసీదుల కింద, రిజిస్టర్లలో, కొరియర్ వాడి పుస్తకంలో. ఎక్కడా ఆ పేరు పక్కన ఒక గోడ కూడా ఉన్నట్టు చూడలేదు. ఇప్పుడు రెండు షాపుల్లో ఒకటి, నాలుగు పోర్షన్లలో రెండు. ఆమె ఆ వాక్యాన్ని ఈసారి మామూలుగా, ముందు నుంచి వెనక్కి చదివింది. మళ్ళీ చదివింది.

పూర్తిగా అబద్ధమా? ముప్పై ఒక్క సంవత్సరాల సగం జీతాలు ఎక్కడికి పోయాయి? బియ్యంలోకి, అమ్మ మందుల్లోకి, మేనల్లుడు ఆండ్రూ ఫీజుల్లోకి. అందులో ఎన్ని ఇటుకలయ్యాయో లెక్క రాసిన వాళ్ళు లేరు. ఉంటే ఒకవేళ సగం వచ్చేదేమో. రాకపోనూవచ్చు. కానీ ఓబయ్యకు ఇచ్చిన ప్రతి చెక్కు మీదా సంతకం అన్నది. ఖాతా అన్నది. వాటి నకళ్ళను ఫైలులో వరసగా కుట్టింది తనే.

కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. మిగతా మధ్యాహ్నమంతా వేరే వాళ్ళ రిటర్నులు కొట్టింది.

సాయంత్రం కంప్యూటరు ఆపే ముందు, ఊరికే చూద్దామన్నట్టుగా, కాంట్రాక్టరు పన్ను ఫారం తెరిచింది. చెల్లించిన వారు: సంజీవరావు. ఆయన పాన్ ఆమెకు నోటికి వచ్చు. తీసుకున్న వారు: ఓబయ్య. మొత్తం, తేదీ, పట్టుకున్నది. ఆలస్యానికి రోజుకు రెండు వందలు, పైన వడ్డీ, కంప్యూటరే కలిపి చూపింది. రెండు పాన్ నంబర్లనూ వెనక్కి చదివింది. సరిగ్గా ఉన్నాయి. చివరి బటన్ నొక్కలేదు. అది డబ్బు కట్టేవాళ్ళు నొక్కాలి. ఆ పేజీని ప్రింటు తీసి, కవరు పక్కన పెట్టుకుంది. ఒకే బ్యాగులో రెండు కాగితాలు.

బోగోలులో బస్సు దిగేసరికి చీకటి పడలేదింకా. రోజూలాగా ఇంటి సందులోకి తిరగకుండా, ఆమె రోడ్డుకు ఇవతలే నిలబడి భవనం వైపు చూసింది. పైన రోడ్డు వైపు ఎనిమిది కిటికీలు. అందులో నాలుగు. దక్షిణం చివరి పోర్షన్‌కు చిన్న బాల్కనీ ఉంది. గృహప్రవేశం రోజు ప్రార్థనకు వచ్చిన వాళ్ళకు ఉప్మా ప్లేట్లు అందిస్తూ ఒకసారి అక్కడిదాకా వెళ్ళింది. సముద్రపు గాలికి కాగితం ప్లేట్లు ఎగిరిపోతే, అక్కడ ఎవరూ లేరు కదా అని ఒక నిమిషం నిలబడింది. ఇప్పుడు అక్కడ ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది. ఆమె మనసులోనే ఆ లుంగీ తీసేసి చూసింది. ఒక కుర్చీ పెట్టింది. లోపల ఒక పొయ్యి, రెండు గిన్నెలు, ఒక మంచం. ఎవరూ పిలవకుండా లేవడం. క్యాన్ నీళ్ళతో ఏం కావాలంటే అది కడుక్కోవడం. సంతకం పెడితే రేపు పొద్దున్నుంచి ఆ కుర్చీ తనది అని అడగొచ్చు. కాగితం ఉంది కదా.

మేత లారీ ఒకటి ఎదురుగా ఆగి కిటికీలను కనపడకుండా చేసింది. ఆమె సందులోకి తిరిగింది.

ఇంటి వెనక తలుపు తెరిచే ఉంది. ఆమె గది మెట్ల కింద, మోటారు పక్కన. అక్కడి నుంచి వంటింట్లో మాటలు ఉన్నదున్నట్టు వినపడతాయి.

“పేరు రాసిచ్చినాక, సగం నాది ఇయ్యండి అంటే ఏం చేస్తావు?” ఎవాంజెలిన్ గొంతు.

“ఎవరు?”

“మీ చెల్లెలే.”

సంజీవరావు నవ్వాడు. వెటకారం లేదు ఆ నవ్వులో. ఇంటి ముందు మెట్టు రేపు కూడా అక్కడే ఉంటుందా అని ఎవరో అడిగినట్టు నవ్వాడు.

“మన కరుణ అడగదులేవే. ఎప్పుడన్నా ఏదన్నా అడిగిందా?”

కరుణాకుమారి బ్యాగు మంచం మీద పెట్టింది. లైటు వెయ్యకుండా కూర్చుంది. నిజమే. తను అడగదు. సంతకం పెట్టినా అడగదు. బాల్కనీలో కుర్చీ అడగదు, కిటికీలు అడగదు. ఓబయ్య డబ్బు ఏదని మళ్ళీ అడగదు. ఆ కాగితం నిలబడేది తన సంతకం మీద కాదు, తను అడగదన్న దాని మీద. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, బయటికి వెళ్ళి ఒక ఫోను చేసి వచ్చింది.

తొమ్మిదింటికి భోజనాలు. బల్లకు నాలుగు కుర్చీలు. సంజీవరావు, ఎవాంజెలిన్, ఆండ్రూ, అతని భార్య మెర్లిన్. కరుణాకుమారి వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని మూల దగ్గర కూర్చుంది. సంజీవరావు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆహారం కోసం, ఆరోగ్యం కోసం, ఇంటి ఐక్యత కోసం. అందరూ ఆమెన్ అన్నారు. చేపల పులుసు గిన్నె చేతులు మారింది.

“తెచ్చినావా?” అన్నాడు సంజీవరావు, ముల్లు తీసుకుంటూ.

ఆమె ఒళ్ళోంచి రెండు కాగితాలు తీసి, ఆయన కంచానికి తగలకుండా పక్కన పెట్టింది.

“ఇది ప్రసాదు ఇచ్చింది. సంతకం పెట్టలా. ఇది నేను నింపింది. నీ పేరు, ఓబయ్య పేరు, అన్నీ సరిగ్గా ఉండాయి. డబ్బు కట్టేది ఒకటే మిగిలింది.”

ఫ్యాను చప్పుడు పెద్దదయింది.

“నీ పేరున సగం రాయిస్తా ఉండా, కరుణా” అన్నాడు సంజీవరావు నిదానంగా. “సగం. ఎవరు రాస్తారు ఈ రోజుల్లో?”

“రాసినా నాది కాదు గదన్నయ్యా.”

“నీది కాదని ఎవరన్నారు? నువ్వు ఈ ఇంటి మనిషివి కాదా? నీ జీతం మేం తినలేదా?”

“తిన్నారు. దానికి నాకేం రాసియ్యక్కర్లా. ఓబయ్యకు ఇచ్చింది మాత్రం నువ్వు. పట్టుకుంది నువ్వు. నా పేరు చెప్పి పట్టుకున్నావు.”

“కరుణా, అన్నతో మాట్లాడే తీరేనా ఇది?” అంది ఎవాంజెలిన్.

“శుక్రవారం దాకా చూస్తా. కట్టకపోతే, డిపార్ట్‌మెంటుకు ఓబయ్య అర్జీ నేనే రాసిస్తా. రాసింది నేనేనని కింద నా పేరు కూడా పెడతా.”

“సొంత అన్న మీద!” సంజీవరావు చేతిలో ముద్ద అలాగే ఉంది. కోపం కంటే ముందు ఆయన ముఖంలోకి ఇంకేదో వచ్చింది, తెలిసిన వీధిలో దారి తప్పినట్టు. “చర్చి వాళ్ళకు నేనేం చెప్పాల? జనరేటరు వెనక్కి ఇమ్మంటావా?”

“అది ఉండనీ. నీ డబ్బుతో పన్ను కట్టు, అప్పుడు జనరేటరు నిజంగా నీదవుతుంది.”

ఆండ్రూ దగ్గాడో నవ్వాడో తెలియలేదు. మెర్లిన్ అతని మోకాలు తట్టింది.

కరుణాకుమారి మజ్జిగ పోసుకుంది. రెండు ముద్దలు తింది. తర్వాత, మర్చిపోయిన చిన్న సంగతి చెప్తున్నట్టు అంది:

“రేపట్నుంచి నేను కావలిలో ఉంటా. ఎస్తేరమ్మ మేడ మీద గది మాట్లాడుకున్నా. ఇందాకే ఫోన్ చేసినా. ఆఫీసుకు దగ్గర.”

“అక్కడ నీకెవరుండారు అత్తా?” అన్నాడు ఆండ్రూ.

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఇష్టం లేని మనిషిలాగా, నిజంగానే ఆలోచించింది.

“ఎవరూ లేరు నాయనా.”

“జ్వరమొస్తే? రాత్రిపూట ఏమన్నా అయితే?” అంది ఎవాంజెలిన్. గొంతులో పొద్దుటి పదును లేదు. “ఈ వయసులో ఒక్కదానివి వండుకుని తింటావా? ఊళ్ళో వాళ్ళేమనుకుంటారు, మేం వెళ్ళగొట్టినామని గదా?”

“నేనే పోయినానని చెప్పు వదినా. ఎవరన్నా అడిగితే.”

‘అడిగితే’ అన్న మాట దగ్గర ఆమె కొంచెం ఆగింది. అడుగుతారో లేదో ఆమెకు తెలియదు. ఆదివారం చర్చిలో తన వరసలో ఒక చోటు ఖాళీ అయితే, పక్కవాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు. అంతే కావచ్చు.

“పొద్దున ఏడింటి బస్సుకు పోతా. సామాను పెద్దగా ఏం లేదు. రెండు బ్యాగులు” అంది.

ఉండిపొమ్మని అన్న అంటాడేమోనని ఆమె కంచం అంచు మీద వేలితో ఒక మెతుకును మెల్లగా దగ్గరికి లాక్కుంటూ చూసింది. సంజీవరావు కాగితాల వైపు చూస్తున్నాడు. రెండింటిలో దేన్నీ ముట్టుకోలేదు. ఆమె ఆ మెతుకు కూడా తిని, కంచం తీసుకుని లేచింది. పెరట్లో పంపు కింద కడిగిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల కింద గది తలుపు తెరుచుకుని, మూసుకుంది.

నలుగురూ తినడం ముగించారు. మెర్లిన్ గిన్నెలు తీసింది. ఎవాంజెలిన్ బల్ల తుడిచి, స్టూలు వంటింట్లో పెట్టబోయి, దాని మీద చెయ్యి వేసి, ఎందుకో వదిలేసి వెళ్ళింది. ఇనప కాళ్ళ స్టూలు అది, పైన గోధుమరంగు రెక్సిను. లైటు తీసేదాకా బల్ల మూలనే ఉంది, కొంచెం వెనక్కి జరిగి, మధ్యలో దూది అణిగి, ఒక సన్నటి మనిషి కూర్చునేంత గుంటతో.